తేలిక కేంద్రకాల సంలీనాన్ని అధిక శక్తుల వద్ద ఎట్లా కొలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల డిగ్రీ, పీజీ విద్యార్థులకు కేంద్రక భౌతికశాస్త్రం చెబుతున్న ప్రతి ఏడాదీ ఇవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే ఉంచి, ప్రయోగం నడిచే వరుసలో కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## ప్రయోగానికి ముందు

సంలీనం సూర్యునిలో రోజూ జరుగుతూనే ఉంది కదా, ఇక్కడ మళ్ళీ కొలవడం ఎందుకు?

సూర్యుని గర్భంలో కలిసిపోయేవి ప్రధానంగా ప్రోటాన్లు. అక్కడి ఉష్ణోగ్రత సుమారు కోటిన్నర డిగ్రీలు. అంత వేడిలో కూడా ఒక్కో కణానికి దక్కే సగటు శక్తి రెండు కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఉంటుంది. మనం కొలిచేది వేరు. కార్బన్, ఆక్సిజన్ వంటి కేంద్రకాలను అంతకు వేల రెట్లు ఎక్కువ శక్తితో ఢీకొట్టించి, రెండూ కలిసి ఒకే ముద్ద అయ్యే అవకాశం ఎంత, ఆ ముద్ద ఎంత శక్తిని, ఎంత భ్రమణాన్ని తట్టుకోగలదు అన్నది తెలుసుకోవాలనుకుంటాం. దీనికి నక్షత్రాలతో సంబంధం లేకపోలేదు. సూర్యుని కంటే బాగా పెద్ద నక్షత్రాలలో, ఉష్ణోగ్రత దాదాపు వంద కోట్ల డిగ్రీలకు చేరినప్పుడు, కార్బన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి సంలీనమవుతాయి. అక్కడి శక్తుల వద్ద నేరుగా కొలవడం చాలా కష్టం కనుక ఒక నమూనాను నమ్ముకుని లెక్క కిందికి సాగదీయాల్సి వస్తుంది. ఆ నమూనా ఎక్కువ శక్తుల వద్దనైనా సరిపోతుందో లేదో చూడకుండా దాన్ని నమ్మడం సరికాదు.

"అధిక శక్తి" అంటే ఎంత? జెనీవాలోని పెద్ద యంత్రం అంతనా?

కాదు. జెనీవా యంత్రంలో ఒక్క ప్రోటాన్‌కు 68 లక్షల మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఎంఈవీల) శక్తి ఉంటుంది. అక్కడ కేంద్రకాలు కలవడం అన్న మాటే లేదు. ఇక్కడ అధిక శక్తిని కూలుంబ్ అవరోధంతో పోల్చి చెబుతాం. రెండు కేంద్రకాలూ ధనావేశితాలు కనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ వికర్షణను దాటి కేంద్రక బలం పట్టుకునేంత దగ్గరికి రావడానికి కావలసిన శక్తే అవరోధం. చెరువు అలుగు ఎత్తు లాంటిదని అనుకోవచ్చు. కార్బన్-12 మరో కార్బన్-12ను ఢీకొనేటప్పుడు అది సుమారు 6.5 ఎంఈవీ, రెండు ఆక్సిజన్-16 కేంద్రకాలకు 10 ఎంఈవీకి కాస్త అటుఇటు. దీనికి రెండింతల నుంచి పదింతల దాకా ఉన్న ప్రాంతమే ఈ ప్రశ్నలన్నింటిలో "అధిక శక్తి".

తేలిక కేంద్రకాలతోనే ఎందుకు? బరువైనవి తీసుకుంటే ఏమవుతుంది?

బరువైన రెండు కేంద్రకాలు కలిస్తే ఏర్పడే ముద్ద తరచుగా విచ్ఛిత్తికి గురై రెండు పెద్ద ముక్కలవుతుంది. అప్పుడు సంలీనాన్ని లెక్కించాలంటే ఆ ముక్కలనూ పట్టుకోవాలి. తేలిక కేంద్రకాలలో ఆ బెడద దాదాపు లేదు: ఏర్పడిన ముద్ద కొన్ని చిన్న కణాలను విడిచి ఒక అవశేషంగా మిగులుతుంది. అవశేషాలన్నీ లెక్కపెడితే సంలీనం లెక్క తేలినట్టేనని మొదట అనిపిస్తుంది. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చడమే ఈ రంగంలో అన్నిటికంటే శ్రమతో కూడిన పని.

మా లంబాపూర్, పెద్దగట్టు యురేనియానికి దీనితో సంబంధం ఉందా?

లేదు. నాగార్జునసాగర్ దగ్గరి ఆ నిక్షేపాలు యురేనియానివి. యురేనియం పనికివచ్చేది విచ్ఛిత్తికి, అంటే పెద్ద కేంద్రకం చీలడానికి. సంలీనం దానికి ఎదురు దిశలో జరిగే చర్య. తవ్వకాల మీద ఇక్కడి ప్రజలకున్న ఆందోళన చాలా ముఖ్యమైన విషయమే కాని, అది కార్బన్ రేకు (టార్గెట్) మీద కార్బన్ పుంజం, అంటే వేగంగా పరుగెత్తే కేంద్రకాల ధార, పడే ఈ ప్రయోగానికి వర్తించదు. ఇక్కడ వాడే టార్గెట్ బరువు గ్రాములో లక్షో వంతుల్లో ఉంటుంది, పుంజం ఆపగానే చర్యలు ఆగిపోతాయి.

క్రాస్ సెక్షన్ అంటే నిజంగా వైశాల్యమేనా?

కొలతగా వైశాల్యమే, అర్థంగా సంభావ్యత. పాఠ్యపుస్తకాలు దీన్ని మధ్యచ్ఛేదం అంటాయి, ప్రయోగశాలలో అందరూ క్రాస్ సెక్షన్ అనే అంటారు. కళ్ళకు గంత కట్టుకుని గోడ అవతలి బత్తాయి తోటలోకి రాళ్ళు విసురుతున్నారనుకోండి. కాయకు తగిలే అవకాశం తోటలో ఎన్ని కాయలున్నాయి, ఒక్కో కాయ ఎదురుగా ఎంత వైశాల్యం చూపుతుంది అన్న రెండింటి మీదే ఆధారపడుతుంది. కేంద్రకాల విషయంలో ఒక తేడా ఉంది: ఆ "కాయ" వైశాల్యం స్థిరంగా ఉండదు, రాయి వేగాన్ని బట్టి మారుతుంది, ఏ చర్య కోసం చూస్తున్నామన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. దీని ప్రమాణం బార్న్, అంటే చదరపు సెంటీమీటరులో 10⁻²⁴ వంతు. రెండు కార్బన్‌ల సంలీనపు క్రాస్ సెక్షన్ గరిష్ఠ స్థాయిలో సుమారు ఒక బార్న్ ఉంటుంది, అంటే వెయ్యి మిల్లీబార్న్‌లు.

## పుంజం, టార్గెట్

కార్బన్ కేంద్రకాలను అంత వేగంగా ఎట్లా పరుగెత్తిస్తారు?

ఎక్కువగా వాడేది టాండెమ్ యాక్సిలరేటర్. ముందు కార్బన్ పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ అదనంగా తగిలించి రుణ అయాన్‌ను చేస్తారు. యంత్రం మధ్యలో లక్షల వోల్టుల ధన విభవంలో ఉన్న టెర్మినల్ దాన్ని లాగుతుంది. అక్కడ ఒక పలుచని రేకు గుండా పోయేటప్పుడు అయాన్ తన ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని ధనావేశితమవుతుంది; ఇంతవరకు లాగిన టెర్మినలే ఇప్పుడు దాన్ని నెట్టేస్తుంది. ఒకే విభవాన్ని రెండుసార్లు వాడుకోవడం ఇందులోని తెలివి. టెర్మినల్ 80 లక్షల వోల్టుల్లో ఉండి, రేకు దాటాక అయాన్ మీద నాలుగు ధనావేశాలు మిగిలితే, మొదటి సగంలో 8, రెండో సగంలో 32, మొత్తం 40 ఎంఈవీల శక్తి వస్తుంది.

మన దేశంలో ఇటువంటి పెద్ద యంత్రాలు రెండున్నాయి. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ ఆవరణలో 1988 నుంచి ఒకటి, ఢిల్లీలోని అంతర్‌విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రంలో 1990ల ఆరంభం నుంచి మరొకటి పనిచేస్తున్నాయి. రెండింటినీ పెల్లెట్రాన్ అనే పిలుస్తారు. కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ వీటికంటే పాతది, దాని పనితీరు వేరు.

40 ఎంఈవీ పుంజం అంటే ఢీకొనే శక్తి 40 అనే కదా?

ఇది పరీక్షలో కూడా చాలామంది తప్పుగా రాసే విషయం. నిలబడి ఉన్న టార్గెట్ కేంద్రకాన్ని కదిలే కేంద్రకం ఢీకొన్నప్పుడు, జంట మొత్తం ముందుకు కదలడానికి కొంత శక్తి ఖర్చవుతుంది; అది కలయికకు పనికిరాదు. మిగిలినదే ద్రవ్యరాశి కేంద్ర శక్తి. టార్గెట్ ద్రవ్యరాశిని రెండు ద్రవ్యరాశుల మొత్తంతో భాగించి, దానితో పుంజపు శక్తిని గుణిస్తే అది వస్తుంది. కార్బన్ మీద కార్బన్ అయితే సరిగ్గా సగం, 20 ఎంఈవీ. అవరోధంతో పోల్చవలసింది ఈ 20నే.

టార్గెట్‌ను అంత పలుచగా ఎందుకు చేస్తారు? మందంగా ఉంటే ఎక్కువ చర్యలు జరుగుతాయి కదా?

చర్యలు ఎక్కువ జరుగుతాయి, కాని ఏ శక్తి వద్ద జరిగాయో తెలియకుండా పోతుంది. పుంజం రేకులోకి దిగేకొద్దీ శక్తిని పోగొట్టుకుంటుంది కనుక మందమైన రేకులో ముందు భాగపు చర్య ఒక శక్తిది, వెనుక భాగపు చర్య ఇంకొక శక్తిది. పైగా ఏర్పడిన అవశేషం బరువైనది, నిదానమైనది. మందమైన రేకులోంచి అది బయటకే రాలేదు.

అందుకే చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 50 మైక్రోగ్రాముల కార్బన్ రేకులు వాడతారు. 20 మైక్రోగ్రాములంటే మందం మిల్లీమీటరులో పదివేలో వంతు మాత్రమే, అయినా ఆ చదరపు సెంటీమీటరులో 10¹⁸ కేంద్రకాలుంటాయి. గాజు పలక మీద కార్బన్‌ను ఆవిరి చేసి పేర్చి, ఆ పొరను నీటి మీద తేల్చి, నడిమి రంధ్రమున్న చట్రంతో నెమ్మదిగా పైకెత్తుతారు. ఊపిరి గట్టిగా వదిలినా చిరిగిపోయే వస్తువిది. మందాన్ని అమెరీషియం-241 నుంచి వచ్చే 5.486 ఎంఈవీ ఆల్ఫా కణాలు రేకులో ఎంత శక్తి పోగొట్టుకున్నాయో చూసి కొలుస్తారు.

శుద్ధ కార్బన్ రేకే వాడితే ఇక మలినాల గొడవ ఉండదు కదా?

ఉంటుంది, కొన్నిసార్లు ప్రయోగాన్నే ముంచుతుంది. సహజ కార్బన్‌లో 1.1% కార్బన్-13 ఉంటుంది. రేకు తయారీలో ఆక్సిజన్, హైడ్రోజన్ అంటుకుంటాయి. వీటన్నిటికంటే మోసకారి, ప్రయోగం నడుస్తుండగానే పెరిగే కార్బన్. శూన్యపు పంపుల నూనె ఆవిరి గదిలో కొద్దిగా మిగిలి ఉంటే, పుంజం తగిలిన చోట అది విచ్ఛిన్నమై కార్బన్ పొరగా రేకు మీద పేరుకుంటుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను పాల్గొన్న ఒక ప్రయోగంలో మూడు రోజుల పుంజంలో రెండో రోజు రాత్రి, పుంజపు ప్రవాహం మారకుండానే మానిటర్ (చెదిరిన కణాలను లెక్కించే పక్క డిటెక్టర్) లెక్కింపు మెల్లమెల్లగా పైకి పాకడం గమనించాం. రేకు మందం పెరుగుతోందని అర్థం కావడానికి తెల్లవారింది. ఆ రాత్రి తీసుకున్న దత్తాంశాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. టార్గెట్ దగ్గర ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన పలకను ఉంచితే నూనె ఆవిరి రేకును వదిలి ఆ పలకకు అంటుకుంటుంది. అప్పటి నుంచి ఆ పలకను చూడనిదే నేను పుంజం అడగలేదు.

## సంలీనాన్ని గుర్తించడం

కలిసిన కేంద్రకం క్షణంలో పోతుందంటారు, మరి దాన్ని ఎట్లా చూస్తారు?

దాన్ని చూడరు, అది మిగిల్చినదాన్ని చూస్తారు. రెండు కార్బన్-12లు కలిస్తే మెగ్నీషియం-24 ఏర్పడుతుంది. కలయికలోనే 13.93 ఎంఈవీ విడుదలవుతుంది. ఢీకొన్న శక్తి 20 అయితే ఆ మెగ్నీషియం దాదాపు 34 ఎంఈవీల ఉత్తేజంతో పుడుతుంది. ఈ సంయుక్త కేంద్రకం వేడెక్కిన నీటి బొట్టు లాగా ప్రోటాన్‌లను, న్యూట్రాన్‌లను, ఆల్ఫా కణాలను విడిచి చల్లబడుతుంది. దానికి పట్టే కాలం సెకనులో 10⁻²⁰ వంతు స్థాయిలో ఉంటుంది. చివరికి మిగిలే నియాన్-20, సోడియం-23, ఫ్లోరిన్-19, ఆక్సిజన్-16 వంటివి బాష్పీభవన అవశేషాలు. డిటెక్టర్‌ను చేరేవి ఇవే.

డిటెక్టర్‌లో పడింది నియాన్ అని, కార్బన్ కాదని ఎట్లా తెలుస్తుంది?

కణాన్ని ముందు ఒక పలుచని డిటెక్టర్ గుండా పంపి, తరువాత మందమైన దానిలో ఆపుతారు. మొదటి దానిలో కణం పోగొట్టుకునే శక్తి దాని ఆవేశపు వర్గానికి అనులోమంగా, వేగపు వర్గానికి విలోమంగా ఉంటుంది. రెండు సంకేతాలను ఒకదానిపై ఒకటి గీస్తే ఒక్కో మూలకం ఒక్కో వక్రరేఖగా విడిపోయి కనిపిస్తుంది. 20 ఎంఈవీ నియాన్ సిలికాన్‌లో కొన్ని మైక్రాన్లు పోయేసరికే ఆగిపోతుంది కనుక మొదటి డిటెక్టర్‌గా సిలికాన్ పొర కంటే తక్కువ పీడనంలో ఐసోబ్యూటేన్ వంటి వాయువు నింపిన అయనీకరణ గది మేలు. దాని ముఖద్వారం కూడా మైక్రాన్ స్థాయి పొరే.

ఆవేశం తెలిస్తే చాలదా, ద్రవ్యరాశి కూడా ఎందుకు?

నియాన్-20, నియాన్-21, నియాన్-22 మూడూ ఒకే వక్రరేఖ మీద పడతాయి. ఏ దారిలో ఎన్ని కణాలు విడిచిందో తెలియాలంటే ద్రవ్యరాశి కావాలి. అందుకు కణం ఒక దూరం ప్రయాణించే కాలాన్ని కొలుస్తారు. 40 ఎంఈవీ కార్బన్ పుంజంతో పుట్టిన సంయుక్త కేంద్రకం కాంతి వేగంలో 4% చొప్పున కదులుతుంది. ఒక మీటరు దాటడానికి సుమారు 80 నానోసెకన్లు పడుతుంది. కాలం, దూరం, శక్తి మూడూ తెలిస్తే గతిజ శక్తి సూత్రం నుంచి ద్రవ్యరాశి వచ్చేస్తుంది. కాల కొలతకు ఆరంభ సంకేతం ఇచ్చేది మరో పలుచని కార్బన్ రేకు. కణం దాన్ని దాటేటప్పుడు చిమ్మే ఎలక్ట్రాన్లను మైక్రోఛానల్ పలక వృద్ధి చేసి అందిస్తుంది.

అవశేషాలన్నీ ముందుకే పోతాయంటారు, అయితే ఒకే డిటెక్టర్ ముందర పెడితే సరిపోదా?

సరిపోదు. కృష్ణలో పుట్టి మీద నుంచి మనిషి దూకితే పుట్టి ఎదురు దిక్కుకు జరుగుతుంది. అవశేషం సంగతీ అంతే: అది న్యూట్రాన్‌ను విడిచినప్పుడు కొద్దిగా, ఆల్ఫాను విడిచినప్పుడు గట్టిగా పక్కకు మళ్ళుతుంది. బరువైన వ్యవస్థలలో ఈ మళ్ళింపు స్వల్పం. ఇరవై నాలుగు ద్రవ్యరాశి గల మెగ్నీషియం నాలుగు ద్రవ్యరాశి గల ఆల్ఫాను విసిరితే మళ్ళింపు పదుల డిగ్రీలకు పోవచ్చు. కనుక డిటెక్టర్‌ను రెండు మూడు డిగ్రీల నుంచి ముప్ఫై, నలభై డిగ్రీల దాకా ఒక్కో కోణంలో ఉంచి కొలిచి, ఆ కోణీయ వితరణను సమాకలనం చేయాలి. సున్నా డిగ్రీల దగ్గర పుంజమే వచ్చి డిటెక్టర్‌ను కొడుతుంది కాబట్టి అక్కడ కొలవలేం. అదృష్టవశాత్తు సమాకలనంలో కోణపు సైన్ విలువ గుణకంగా ఉంటుంది, అందువల్ల సున్నాకు దగ్గరి కోణాల వాటా మొత్తంలో తక్కువే.

రీకాయిల్ సెపరేటర్ ఉంటే పుంజాన్ని పక్కకు తప్పించి సున్నా డిగ్రీల దగ్గరే కొలవచ్చు కదా?

కళ్ళంలో చాటతో ధాన్యాన్ని తూర్పారబట్టినప్పుడు గాలి పొట్టును ఒక పక్కకు, గింజను ఒక పక్కకు వేరు చేస్తుంది. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలతో సెపరేటర్ చేసేదీ అదే. ఢిల్లీ కేంద్రంలోని హీరా అనే సెపరేటర్ ఈ పనే చేస్తుంది. బరువైన వ్యవస్థలకు ఇది చక్కని సాధనం. తేలిక వ్యవస్థలలో మాత్రం అవశేషాలు వెడల్పైన శంకువులో చెదురుతాయి, సెపరేటర్ ముఖం చిన్నది. ఎంత భాగం లోపలికి వచ్చిందన్న దాన్ని అనుకరణ లెక్కలతో ఊహించాల్సి వస్తుంది. మొత్తం క్రాస్ సెక్షన్ కావాలంటే నేను కోణం కోణం కొలవడాన్నే నమ్ముతాను.

గామా కిరణాలను లెక్కపెడితే ఇంత కష్టం ఉండదంటారు, నిజమేనా?

కొంత నిజం. అవశేషం ఉత్తేజిత స్థితిలో మిగిలితే తనకే ప్రత్యేకమైన గామా కిరణాన్ని విడుస్తుంది; నియాన్-20 అయితే 1.634 ఎంఈవీ. జెర్మేనియం డిటెక్టర్‌తో ఐసోటోప్‌ను స్పష్టంగా గుర్తించవచ్చు, ముందు కోణాల గొడవ లేదు. అయితే నేరుగా భూస్థితిలో ఏర్పడిన అవశేషం ఏ గామానూ విడవదు. అది ఎంత శాతమో సిద్ధాంతం నుంచి తెచ్చుకోవాలి. అందుకే ఈ పద్ధతి ఫలితాన్ని అవశేషాల నేరు కొలతతో కనీసం ఒకటి రెండు శక్తుల వద్ద సరిచూడాలి.

## లెక్కింపు నుంచి మిల్లీబార్న్‌ల దాకా

డిటెక్టర్‌లో వచ్చిన సంఖ్యను క్రాస్ సెక్షన్‌గా ఎట్లా మారుస్తారు? ఒక లెక్క చేసి చూపండి.

పుంజంలో ఒక నానో ఆంపియర్ కణ ప్రవాహం ఉందనుకుందాం. అంటే సెకనుకు 6.24 × 10⁹ కార్బన్‌లు. టార్గెట్‌లో చదరపు సెంటీమీటరుకు 10¹⁸ కేంద్రకాలు. క్రాస్ సెక్షన్ ఒక బార్న్ అయితే మూడింటినీ గుణించగా సెకనుకు సుమారు 6,200 సంలీనాలు వస్తాయి. వినడానికి చాలా ఎక్కువ. ఇప్పుడు డిటెక్టర్ ఆక్రమించే ఘనకోణం స్టెరేడియన్‌లో పదివేలో వంతు, ఆ కోణంలో అవకలన క్రాస్ సెక్షన్ (ఒక్కో ఘనకోణ ప్రమాణానికి వచ్చే వాటా) స్టెరేడియన్‌కు ఒక బార్న్ అనుకోండి. అందులో పడేవి సెకనుకు 0.62 మాత్రమే. గణాంక దోషం 1% లోపు ఉండాలంటే పదివేల లెక్కింపులు కావాలి, అందుకు దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. ఇది ఒక్క కోణానికి, ఒక్క శక్తికి. పది కోణాలు, ఇరవై శక్తులు కొలవాలనుకుంటే ప్రవాహం పదింతలు పెంచాలి, లేదా ఒకేసారి చాలా కోణాలను చూసే డిటెక్టర్ల వరుస పెట్టాలి. యంత్రం మీద మనకు దొరికేది కొద్ది రోజులే కనుక, ప్రయోగానికి ఆర్నెల్ల ముందే ఈ గుణకారం చేసుకోవాలి.

ఫారడే కప్‌లో పుంజం కొలుస్తూనే ఉన్నప్పుడు పక్కన మానిటర్ డిటెక్టర్లు ఎందుకు?

ఫారడే కప్, అంటే టార్గెట్ దాటిన పుంజాన్ని పట్టే లోహపు గిన్నె, కొలిచేది ఆవేశం, కణాల సంఖ్య కాదు. నాలుగు ఆవేశాలతో వచ్చిన కార్బన్ టార్గెట్ దాటేటప్పుడు ఐదో ఆరో ఆవేశాలతో బయటపడవచ్చు. రేకు మందం కూడా అంతటా ఒకేలా ఉండదు. మానిటర్ డిటెక్టర్ నిర్ణీత కోణంలో స్థితిస్థాపకంగా (ఏ కేంద్రకాన్నీ ఉత్తేజపరచకుండా) చెదిరిన కణాలను లెక్కిస్తుంది. పుంజం తగ్గినా, రేకు మందం మారినా దాని లెక్కింపు అదే నిష్పత్తిలో మారుతుంది. సంలీన లెక్కింపును దీనితో భాగిస్తే ఆ రెండు అనిశ్చితులూ కొట్టుకుపోతాయి.

ఇక్కడ ఒక అందమైన చిక్కు ఉంది. చెదిరే కణాల సంఖ్యకు రూథర్‌ఫర్డ్ సూత్రం వాడాలంటే కేంద్రక బలం జోక్యం చేసుకోకూడదు. అవరోధం పైన కార్బన్ మీద కార్బన్‌కు ఆ షరతు చాలా చిన్న కోణాలలోనే చెల్లుతుంది. పైగా రెండూ ఒకే రకపు కేంద్రకాలు కనుక డిటెక్టర్‌లో పడింది పుంజపు కార్బనో, టార్గెట్ నుంచి ఎగిరిన కార్బనో ప్రకృతికే తేడా లేదు. రెండు తరంగాలూ కలిసి హెచ్చుతగ్గులు చూపుతాయి. దీన్ని మాట్ పరిక్షేపణ అంటారు. మానిటర్‌ను ఆ హెచ్చుతగ్గుల వాలు మీద ఉంచితే కోణంలో పదో వంతు డిగ్రీ పొరపాటు కూడా ఫలితాన్ని చెడగొడుతుంది. చాలామంది రేకు మీద అతి పలుచగా బంగారం పూస్తారు. 40 ఎంఈవీ కార్బన్ బంగారపు అవరోధానికి బాగా కింద ఉంటుంది కాబట్టి అక్కడ రూథర్‌ఫర్డ్ సూత్రం కచ్చితంగా పనిచేస్తుంది. బదులుగా, బంగారం నుంచి చెదిరిన కార్బన్‌లు ముందు కోణాల డిటెక్టర్లను ముంచెత్తుతాయి. ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలో ప్రయోగాన్ని బట్టి తేల్చుకోవాలి.

చివరి దోషం ఎంత ఉంటే మంచి కొలత అనాలి?

గణాంక దోషాన్ని 1% దాకా తేవడం సమయం పెట్టే పనే. మందం, ఘనకోణం, చిన్న కోణాలకు సాగదీసిన భాగం, డిటెక్టర్ ఖాళీ లేక వదిలేసిన సంఘటనలు కలిపితే నిరపేక్ష విలువలో 5 నుంచి 10% దాకా దోషం మిగలడం మామూలు. అయితే ఒక శక్తి నుంచి పక్క శక్తికి మార్పును చూసేటప్పుడు ఈ దోషాలలో చాలావరకు ఉమ్మడిగా ఉంటాయి, కనుక వక్రరేఖ ఆకారం దాని ఎత్తు కంటే నమ్మదగినది.

## అధిక శక్తుల వద్ద కనిపించేవి

శక్తి పెంచేకొద్దీ సంలీనం పెరగాలి కదా, మరి ఎందుకు తగ్గుతుంది?

అవరోధం దాటిన కొత్తలో క్రాస్ సెక్షన్ వేగంగా పెరుగుతుంది. ఆ తరువాత పెరుగుదల మందగించి, కార్బన్ జంటకు సుమారు 20 ఎంఈవీ పరిసరాల నుంచి నిలకడగా ఉండి, క్రమంగా శక్తికి విలోమంగా తగ్గుతుంది. దీనికి మూలం కోణీయ ద్రవ్యవేగం. ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడేటప్పుడు చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతారు. ఒక వేగం దాటితే పట్టు జారి ఇద్దరూ చెరో పక్కకు పోతారు. పక్కగా ఢీకొన్న కేంద్రకాలు కూడా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. భ్రమణం ఒక హద్దు దాటితే అపకేంద్ర బలం కేంద్రక ఆకర్షణను మించి, అవి కలవకుండానే విడిపోతాయి. శక్తి పెరిగినకొద్దీ ఎక్కువ భ్రమణంతో కూడిన తాకిళ్ళు పెరుగుతాయి కాని కలయికకు పనికివచ్చే వాటి సంఖ్య పెరగదు. 20 ఎంఈవీ వద్ద ఒక బార్న్ క్రాస్ సెక్షన్ నుంచి లెక్కకడితే కార్బన్ జంటకు ఆ హద్దు ħ (ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగించిన విలువ) ప్రమాణాలలో 12 దగ్గర వస్తుంది.

1970ల మధ్యలో గ్లాస్, మోసెల్ అనే భౌతికశాస్త్రవేత్తలు ఈ రెండు ప్రాంతాలకూ కలిపి ఒక సరళమైన నమూనా ఇచ్చారు. తక్కువ శక్తిలో అవరోధపు దూరం, ఎక్కువ శక్తిలో అంతకంటే లోపలి సంధి దూరం ఫలితాన్ని నిర్ణయిస్తాయని అది చెబుతుంది. క్రాస్ సెక్షన్‌ను శక్తి విలోమానికి ఎదురుగా గీస్తే రెండు సరళరేఖలు కనిపించడం దానికి గుర్తు. విద్యార్థులు తమ దత్తాంశంతో ముందుగా ఈ గీతే గీయాలని నా సలహా.

కార్బన్, ఆక్సిజన్ గ్రాఫ్‌లలో అలలు కనిపిస్తాయి. అవి కొలతలో తప్పులా?

కాదు, నిజమైనవే. 1960లో కెనడాలోని చాక్ రివర్‌లో బ్రోమ్‌లీ, క్యూనర్, ఆల్మ్‌క్విస్ట్ అవరోధం దగ్గర కార్బన్ జంటలో పదునైన అనునాదాలను చూశారు. 1976లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో అవరోధానికి పైన కార్బన్–కార్బన్, కార్బన్–ఆక్సిజన్ సంలీన క్రాస్ సెక్షన్‌లో వెడల్పైన హెచ్చుతగ్గులు బయటపడ్డాయి.

ఈ వెడల్పైన హెచ్చుతగ్గులకు ఒక వివరణ ఉంది. కోణీయ ద్రవ్యవేగం మెట్లు మెట్లుగా పెరుగుతుంది; ఒక్కో మెట్టుకు ఒక్కో అవరోధం. శక్తి ఒక కొత్త మెట్టు అవరోధాన్ని దాటగానే క్రాస్ సెక్షన్ ఒక్కసారి ఎగసి, తరువాతి మెట్టు దాకా మెల్లగా దిగుతుంది. బరువైన జంటలలో ఈ మెట్లు దగ్గర దగ్గరగా ఉండి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కార్బన్ జంటలో రెండూ ఒకేలాంటి, భ్రమణం లేని బోసాన్లు కనుక సరి సంఖ్యల మెట్లకే అనుమతి, అంటే మెట్ల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. పదో మెట్టు నుంచి పన్నెండో మెట్టుకు దాదాపు 4 ఎంఈవీ తేడా వస్తుంది. అంత ఎడం ఉన్న అలను ఒక ఎంఈవీ కంటే తక్కువ అడుగులతో కొలిస్తే తప్పక కనిపిస్తుంది. అడుగు పెద్దదైతే అల మధ్యలోనే మాయమవుతుంది.

అసంపూర్ణ సంలీనం అంటే ఏమిటి? దాన్ని పూర్తి సంలీనం నుంచి ఎట్లా విడదీస్తారు?

శక్తి ఇంకా పెరిగినప్పుడు పుంజపు కేంద్రకం దారిలోనే చీలి, ఒక భాగం మాత్రమే టార్గెట్‌తో కలవవచ్చు. కార్బన్-12 చీలితే తరచుగా ఒక ఆల్ఫా కణం పుంజపు వేగంతోనే ముందుకు దూసుకుపోతుంది. ఇటువంటి వేగవంతమైన ఆల్ఫాలను 1961లో బ్రిట్, క్వింటన్ గమనించారు. మిగిలిన భాగం కలిసి ఏర్పడిన ముద్దకు పూర్తి ద్రవ్యవేగం దక్కదు. కాబట్టి అవశేషపు వేగాన్ని కొలవాలి. పూర్తి సంలీనమైతే ఒక కోణంలో అవశేషాల సగటు వేగం, సంయుక్త కేంద్రకపు వేగాన్ని ఆ కోణపు కొసైన్‌తో గుణించిన విలువ దగ్గర ఉంటుంది. వేగపు వర్ణపటం శిఖరం అంతకంటే కిందికి జరిగితే, లేదా పక్కన ఒక భుజం మొలిస్తే, అక్కడ అసంపూర్ణ సంలీనం కలిసి ఉందని అర్థం.

ఆక్సిజన్-16 దొరికితే సంలీనం జరిగినట్టే కదా?

అట్లా అనలేం, ఈ ప్రశ్న దగ్గరే అన్ని కొలతలూ పరీక్షకు నిలబడతాయి. ఉత్తేజిత మెగ్నీషియం-24 రెండు ఆల్ఫాలను విడిస్తే ఆక్సిజన్-16 మిగులుతుంది, అది సంలీనమే. ఒక కార్బన్ తన ఆల్ఫాను రెండో దానికి నేరుగా అందించి, తాను బెరిలియం-8గా మిగిలితే కూడా ఆక్సిజన్-16 ఏర్పడుతుంది. బెరిలియం-8 వెంటనే రెండు ఆల్ఫాలుగా చీలుతుంది. చివరికి రెండు దారులలోనూ చేతికి దొరికేవి ఒక ఆక్సిజన్, రెండు ఆల్ఫాలు. రేకులో మలినంగా ఉన్న ఆక్సిజన్ ఎగిరివచ్చినా డిటెక్టర్‌కు అదే గీత. మెగ్నీషియం మూడు ఆల్ఫాలను విడిస్తే మిగిలే కార్బన్-12 అయితే, అస్థితిస్థాపకంగా చెదిరిన పుంజంలో పూర్తిగా కలిసిపోతుంది.

వేగం, కోణీయ వితరణ కొంతవరకు దారి చూపుతాయి: నేరు బదిలీ కొన్ని కోణాలలో, కొన్ని నిర్దిష్ట శక్తులలో గుమిగూడుతుంది, బాష్పీభవనం విశాలమైన, నునుపైన వర్ణపటాన్ని ఇస్తుంది. అప్పటికీ తేలనిది కొంత మిగులుతుంది. అందువల్ల చాలా కొలతలలో పుంజం కంటే బరువైన అవశేషాలనే సంలీనంగా లెక్కిస్తారు, తప్పిపోయిన భాగాన్ని గణాంక నమూనాతో (సంయుక్త కేంద్రకం ఏ కణాన్ని ఎంత తరచుగా విడుస్తుందో చెప్పే లెక్కతో) సరిచేస్తారు. రెండు ప్రయోగశాలల ఫలితాలు అధిక శక్తి వద్ద వేరుగా వస్తే, ముందు డిటెక్టర్లను అనుమానించకండి. ఆక్సిజన్‌ను ఎవరు కలిపారు, ఎవరు వదిలారు అన్నది చూడండి.

## ఇక్కడి విద్యార్థులకు

నల్లగొండలో, పాలమూరులో యాక్సిలరేటర్ లేదు. మేము ఇందులో ఏం చేయగలం?

ఢిల్లీ కేంద్రం ఏర్పడిందే విశ్వవిద్యాలయాల వారి కోసం. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఎమ్మెస్సీ పూర్తిచేసిన వారు పరిశోధనకు చేరి, తమ మార్గదర్శకుని ద్వారా పుంజపు సమయానికి ప్రతిపాదన పెట్టుకోవచ్చు. అంతవరకు కాలేజీ ప్రయోగశాలలోనే చేయదగినవి ఉన్నాయి. గైగర్ కౌంటర్‌తో పదివేల లెక్కింపులు తీసి వాటి హెచ్చుతగ్గులు వర్గమూలం నియమాన్ని పాటిస్తాయో లేదో చూడండి. దూరం మార్చి ఘనకోణం లెక్క సరిచూడండి. కౌంటర్ మృతకాలాన్ని (ఒక లెక్కింపు తరువాత అది మరొకటి నమోదు చేయలేని కాలాన్ని) రెండు మూలాల పద్ధతిలో కొలవండి.

రేడియోధార్మిక మూలం లేకుండా కౌంటర్‌ను రాత్రంతా వదిలి నేపథ్య లెక్కింపును రాసిపెట్టడం కూడా అలవాటు చేసుకోండి. మన జిల్లాలో బోరు నీటిలో ఫ్లోరైడ్‌ను పరీక్షించేవారు ముందుగా ఫ్లోరైడ్ లేని నీటిని పరీక్షించి చూస్తారు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందా లేదా అని చెప్పాలంటే ఖాళీ నమూనా ఎంత చూపుతుందో తెలియాలి. సంలీన ప్రయోగంలోనూ టార్గెట్ తీసేసి, ఖాళీ చట్రం మీద పుంజం పంపి, కొన్ని గంటలు అదే విధంగా కొలుస్తారు.

పైథాన్ నేర్చుకోవాలా, ఫోర్ట్రాన్ నేర్చుకోవాలా?

దత్తాంశ విశ్లేషణకు పైథాన్, సీ ప్లస్ ప్లస్ రెండూ ఉపయోగం. పాత గణాంక నమూనాల ప్రోగ్రాములు చాలావరకు ఫోర్ట్రాన్‌లో ఉన్నాయి. వాటిని రాయడం రాకపోయినా చదవడం రావాలి, ఎందుకంటే వాటికి ఇచ్చే స్థాయి సాంద్రత (ఒక ఎంఈవీలో కేంద్రకానికి ఎన్ని శక్తి స్థాయిలున్నాయన్న సంఖ్య) విలువ మారితే, సరిచేసిన క్రాస్ సెక్షన్ కూడా మారుతుంది.